సన్నాయి పీక పలికిన పేరు

మొన్న పంటు మీద గోదావరి దాటుతుంటే, ఫోనులో మా మేనేజరు గొంతు ఉన్నట్టుండి రేకుడబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోయింది. పక్కాయన "సిగ్నల్ లేదండీ, పెట్టేయండి" అన్నారు. నేను పెట్టలేదు. ఊపిరి పలచబడి లెక్క మాత్రం మిగిలిన అలాంటి గొంతు వింటే నాకు సుభద్ర మేడంగారు గుర్తొస్తారు.

ఆవిడ అమలాపురంలో మాకు ఇంజనీరింగ్ చెప్పేవారు. మాది కొత్తపేట వైపు ఒకప్పటి జమీందారీ దివాణం. పెద్దలెవరైనా వస్తే గేటు దగ్గర వారి పేరు కేకవేసి లోపలికి తీసుకెళ్ళేవారట. నా కాలానికి ఆ గేటు స్తంభాలూ, నిటారుగా నడిచే అలవాటూ మిగిలాయి. మొదటిరోజు హాజరు తీసుకుంటూ ఆవిడ నా ఇంటిపేరు దగ్గర ఆగారు.

"దివాణం వారబ్బాయా! మీ ఇంట పెళ్ళిళ్ళకి మా నాన్నగారే సన్నాయి వాయించేరండి."

"మండపంలోనాండీ?" అన్నాడు వెనక బెంచీ ప్రసాద్.

"గేటు బయట," అన్నారావిడ నవ్వుతూనే. క్లాసంతా నావైపు తిరిగింది. నేను తల దించలేదు.

లీనియర్ ప్రెడిక్షన్ పాఠం రోజున ఆవిడ చిన్న డబ్బాలోంచి వాళ్ళ నాన్నగారి సన్నాయి పీక తీసి ఊదారు. కీచుమంది. "ఇది ఉత్త గొంతు. బూరా తగిలిస్తే రాగమవుతుంది. మనకి నోరే బూరా. దాని ఆకారాన్ని లెక్కలో పట్టుకోవడమే ఈ పాఠం" అన్నారు. మాటను కంప్యూటరు అంకెల వరుసగా రాసుకుంటుంది. గడిచిన కొన్ని అంకెలను తగిన పాళ్ళలో కలిపితే రాబోయే అంకె దాదాపుగా తెలిసిపోతుంది. ఆ పాళ్ళే నోటి ఆకారం. ఊహకి అందకుండా మిగిలేది పీక కీచు. ఫోను మన గొంతును అవతలికి మోసేదీ ఈ లెక్కతోనే.

నేను ప్రాజెక్టుగా దాన్నే తీసుకున్నాను. అది తప్పితే ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించే స్తోమత ఇంట్లో లేదు. "రెడీమేడ్ ప్రోగ్రాం ఉంది, ఇమ్మంటావా?" అన్నాడు ప్రసాద్. మాకు పోయింది ఆస్తే. అరువు తెచ్చుకోవడం అప్పటికింకా అలవాటు కాలేదు. వద్దన్నాను.

క్లాసులో చూపించే రోజున నా పేరు రికార్డు చేసి, పాళ్ళుగానూ కీచుగానూ విడగొట్టి, తిరిగి కట్టాను. స్పీకరు చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"దివాణం ఏనుగు లేచిందండోయ్!" అన్నాడు ప్రసాద్. అందరూ విరగబడి నవ్వారు. మేడంగారు నవ్వలేదు. నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. "ఒక్క ముక్క చేత్తో లెక్క కట్టండి. ఎక్కడ తిరగబడిందో మీకే కనబడుద్ది."

చెమటలు కక్కుతూ బోర్డు మీద కట్టాను. కనబడింది. విడగొట్టేటప్పుడు తీసేసిన ఊహను కట్టేటప్పుడు కలపాలి. నేను మళ్ళీ తీసేస్తున్నాను. గుర్తు మార్చగానే స్పీకరు నా పేరు పలికింది.

"ఆయ్, మీరేనండి," అన్నారావిడ.

వైవాకి ముందు ఆవిణ్ణి ఒకటి అడిగాను. "ఆ పీక ఇంకోసారి ఊదుతారా మేడం? రికార్డు చేసుకుంటాను." వాళ్ళ నాన్నగారు సత్యంగారు అప్పటికే కాలం చేశారు. ఎందుకని అడగకుండానే ఊదారు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు స్పీకరు పలికిన నా పేరు విని పెదవి విరిచారు. "ఇది పుస్తకంలో ఉన్నదేగా. మీదేముంది?"

అప్పుడు దాచుకున్నది బయటికి తీశాను. నా నోటి పాళ్ళు ఉంచి, నా గొంతు కీచు తీసేసి, దాని చోట సత్యంగారి పీక కీచు పెట్టాను. సన్నాయి నోరు విప్పి మాట్లాడింది:

"సన్నాయి విద్వాంసులు సత్యంగారు వేంచేస్తున్నారు!"

పరీక్షకుడు కుర్చీలోంచి లేచి స్పీకరు దగ్గరికొచ్చారు. "మళ్ళీ వేయండి." వేశాను. "ఇంకోసారి." తలుపు దగ్గర నక్కి చూస్తున్న ప్రసాద్ ఈల వేశాడు. "ఇంక నేనడగడానికేం లేదు," అన్నారు పరీక్షకుడు.

మేడంగారు డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయారు. "నాన్నగారు లోపలికొచ్చేరండి," అన్నారు.

ఇవాళ ఫోనుల్లో గొంతులు పలికించే లెక్కలతోనే నా బతుకు. ఏ కొత్త పనికైనా మొదటి ముక్క చేత్తోనే కడతాను. పంటు ఒడ్డుకి చేరాక మేనేజరు గొంతు తేటపడింది. "ఇందాక వినబడలేదా?" అన్నారు. "శుభ్రంగా వినబడిందండీ," అని ఫోను జేబులో పెట్టుకుని నిటారుగా దిగాను. మా దివాణం ఆఖరిసారి కేకవేసి లోపలికి పిలిచిన పేరు సత్యంగారిది. ఆ కేక వేయించినవాణ్ణి నేను.