ఎదురింటి నడక

ఇది ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి పెద్దనాయిన వాకర్ పట్టుకుని మొదటిసారి గడప దాటిన పొద్దున, గల్లీ అంతా బయటికి వచ్చి సంబరపడుతుంటే, నేను లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను. మంచంలో ఉన్న మా బాపుకు ఆ చప్పుడు వినిపించకూడదు అనుకున్నాను. నిజానికి వినలేకపోయింది నేనే.

ఆయన మాకు చుట్టం కాదు. మహబూబ్‌నగర్‌లో పాత ఇళ్ల మధ్య మాది ఆటో కూడా పట్టని గల్లీ. ఎదురెదురు ఇళ్లు కాబట్టి చిన్నప్పటినుంచి ఆ వరస. బాపుకు పక్షవాతం వచ్చిన కొద్ది రోజులకే ఆయనకూ వచ్చింది. ఇద్దరూ దవాఖాన నుంచి ఇంటికి చేరాక రెండిళ్ల పనీ నా మీద పడింది. అమ్మ బడిలో వంటకు పొద్దున్నే పోయేది. ఎదురింటి పెద్దమ్మకు ఫోన్‌లో అంకెలు కనిపించవు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే.

నర్సు ఎప్పుడొస్తుంది, రక్తం తీసుకుపోయే మనిషి ఎప్పుడొస్తాడు, కిరాయికి తెచ్చిన మంచం గల్లీ మూలమీద ఇరుక్కుంటే ఎవరిని పిలవాలి, అన్నీ నేనే చూసేదాన్ని. ఫోన్ మోగితేనే గుండె దడదడలాడే మనిషిని. అందుకే ఏం మాట్లాడాలో ముందు డైరీలో రాసుకుని, చూసి చదివేదాన్ని. “ఏందమ్మా, రేడియోల వార్తలు చెప్పినట్టు మాట్లాడ్తవు” అని నర్సు నవ్వేది.

కసరత్తు చేయించే డాక్టరు ముందు మా ఇంటికి, తర్వాత ఎదురింటికి వచ్చేలా నేనే కుదిర్చాను. మా ఇంట్లో ఆయన పని చేసినంతసేపూ నేను తువ్వాల పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. పని కాగానే చెప్పులేసుకునేవాడు. ఎదురింట్లో మాత్రం నవ్వులు. “సారూ, నీ పెండ్లెప్పుడు? మా ముసలాయనను ఉరికించినంకనా?” అని పెద్దమ్మ అంటే, “అయితే ఈ జన్మకు కాదులే అమ్మా” అనేవాడు. చాయ తాగేవాడు. చాయ తాగుతూ ఇంకోసారి కాలు లేపించేవాడు. నాకు అలాంటి మాట ఒక్కటి వచ్చి ఉంటే బాపు దగ్గర కూడా ఇంకొంతసేపు కూర్చునేవాడు కదా అనిపించేది. ఆమె నోటిని చూసి కుళ్లుకున్నాను. పెద్దనాయిన కాళ్లను చూసి ఇంకా ఎక్కువ కుళ్లుకున్నాను.

బాపు కాలికి కొంచెం బలం వచ్చింది గానీ, పడిపోయిన మాట తిరిగి రాలేదు. మొదటి కొన్ని నెలల్లో వస్తే వచ్చినట్టు, ఆలస్యమైనకొద్దీ కష్టమని దవాఖానలో చెప్పి పంపారు. అందుకని సాయంత్రాలు మంచం పక్కన కూర్చుని నాకిష్టమైన కథలు చదివి వినిపించేదాన్ని. మధ్యలో ఆపి, “అమ్మ అను బాపూ. నీళ్లు అను” అని బతిమాలేదాన్ని. నా మొహం చూసి, మెల్లగా గోడవైపు తిరిగేవాడు.

ఒకరోజు టక్ టక్ అని ఆ వాకర్ మా ఇంట్లోకే వచ్చింది. వెనక పెద్దమ్మ. ఆయన ఆయాసపడుతూ కుర్చీలో కూలబడి బాపును పైనుంచి కిందికి చూశాడు.

“ఏందిరా, నీకంటే పెద్దోన్ని, నేనొచ్చిన. నువ్వింకా పండుకునే ఉన్నవా? పెండ్లికొడుకు లెక్క ఆడపిల్లతోని సేవలు చేయించుకుంటున్నవ్.”

లేచి పొమ్మందామనుకున్నాను. బాపు పెదవి వణికింది. మూతి ఒక పక్కకు లాగింది.

“పో” అన్నాడు. కాసేపాగి, “పోరా.”

“ఎటు పోవాలెరా? వచ్చుడే గింత కష్టమైంది” అన్నాడు పెద్దనాయిన. దానికి బాపు ఇంకో మాట అన్నాడు. అది నేను డైరీలో కూడా రాయలేను. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆ తర్వాత ఏడ్చింది.

నాకూ సంతోషమైంది, కానీ అది తర్వాత. ముందు వచ్చింది మంట. ఇన్ని సాయంత్రాలు నేను నీళ్లు, అమ్మ అని అడుగుతుంటే గోడవైపు తిరిగిన మనిషి, మొదటి మాట తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాడు. తిట్టే కావచ్చు. నాకు ఆ తిట్టు కూడా దక్కలేదు.

మరుసటి రోజు డాక్టరుకు ఫోన్‌లో చెబితే, కొందరికి తిట్లే ముందు వస్తాయనీ, తక్కిన మాటలు వాటి వెనక మెల్లగా వస్తాయనీ అన్నాడు. “ఆ పెద్దాయనను రోజూ రమ్మనండి” అన్నాడు. అంటే నేనే పోయి అడగాలి.

మధ్యాహ్నమంతా మా గడపలోనే నిలబడ్డాను. ఎండ తగ్గాక గల్లీ దాటాను. పెద్దనాయిన అరుగు మీద మోకాలు రుద్దుకుంటున్నాడు.

“పెద్దనాయినా, నువ్వు రోజూ మా ఇంటికి రావాలె” అన్నాను. “వచ్చి, బాపుతోని కొట్లాడాలె.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మా తలుపువైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“వస్త బిడ్డా. గానీ గిది మందు అని మీ బాపుకు చెప్పకు. తెలిస్తే మళ్ల నోరు మూసుకుంటడు.”