యాదమ్మ మోకాలి నడక

నా పాప మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కల్పించానని తేలితే మళ్ళీ మీ మధ్య కూర్చోను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి... మధ్యలో మాత్రం వద్దు.

హైటెక్ సిటీలో మా ల్యాబ్ తెలుసు కదా. అక్కడ మా పనంతా ఎండిన బీరకాయ పీచుతో. నవ్వొద్దన్నానా! అవును, వీపు రుద్దుకునే ఆ పీచే. శుభ్రం చేసి చిన్న బిళ్ళలుగా కోస్తాం. దాని నిండా సన్నటి రంధ్రాలు. మనిషి మోకాలి గుజ్జులోంచి తీసిన కణాల్ని ఆ రంధ్రాల్లో పెంచుతాం. అరిగిపోయిన గుజ్జు చోట ఎప్పటికైనా కొత్తది పెట్టాలని ఆశ. అయితే ఊరికే ఉంచితే ఆ కణాలు గట్టిపడవు. నిజం మోకాల్లో లాగే వాటి మీద బరువు పడాలి, లేవాలి. అందుకని వెచ్చటి పెట్టెలో ఒక యంత్రం వాటిని నొక్కుతూ, వదులుతూ ఉంటుంది. టక్... టక్... టక్... ఎప్పుడూ ఒకటే లయ. దాన్ని మేం 'నడకకు పెట్టడం' అంటాం.

ఆ కణాలు యాదమ్మవి. మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది, ఉండేది లింగంపల్లిలో. మోకాలి ఆపరేషన్‌లో తీసేసిన ముక్కని, ఆమె సరేనంటేనే మేం తెచ్చుకున్నాం. ఆపరేషన్ అయితే అయింది కానీ కుంటు పోలేదు. ఒక అడుగు గట్టిగా వేస్తుంది, రెండోది ఈడుస్తుంది. టప్... జర్ర్... టప్... జర్ర్... ఆ చప్పుడును బట్టే ఆమె వస్తోందని తెలిసేది.

ఇది పరిశోధన మాత్రమే, నీ కాలికి పెట్టేది కాదని ఎన్నోసార్లు చెప్పాం. తలూపేది, అంతే. పైగా మావాళ్ళు వేళాకోళానికి పెట్టె మీద 'యాదమ్మ మోకాలు' అని చీటీ అంటించారు. అది తన మోకాలేనని ఆమె ఖాయం చేసుకుంది.

"నా మోకాలు నడుస్తున్నదా సారూ?" రోజూ తలుపు దగ్గర నిలబడి అడిగేది.

"నడుస్తోందక్కా."

"జర మంచిగ నడిపియ్యుండ్రి. నా లెక్క కుంటనియ్యకుండ్రి."

ఒకరోజు కంపెనీ పెద్దలు అందరినీ పిలిచి కేకు కోశారు. మోకాళ్ళ పని ఎప్పటికి తేలుతుందో తెలియదట. అదే బీరపీచుతో ముఖం రుద్దుకునే స్క్రబ్బులు చేద్దామట. అందరం చప్పట్లు కొట్టాం. నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టక ఏం చేస్తాను? పెట్టెలు ఖాళీ చేసే పని కూడా నా నెత్తినే పడింది.

ఆ రాత్రి ఫ్లోర్‌లో నేనొక్కణ్ణే. యాదమ్మ సాయంత్రమే ఇంటికెళ్ళిపోయింది. యంత్రం ఆపాను. ప్లగ్గు పీకాను. చప్పుడు ఆగిపోయింది. కణాల్ని చంపేసే బ్లీచ్ సీసా అందుకుందామని వెనక్కి తిరిగాను.

టప్...

ఆగాను. ఏసీ ఏమో అనుకున్నాను.

జర్ర్...

కారిడార్‌లోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. ఆ చప్పుడు నా వెనకనుంచి వస్తోంది... పెట్టెలోంచి. వైరు ఇంకా నా చేతిలోనే ఉంది. ప్లగ్గు నా వేళ్ళకు చల్లగా తగులుతోంది.

టప్... జర్ర్... టప్... జర్ర్...

పెట్టె తలుపు తెరిచాను. గులాబీ రంగు ద్రవంలో బిళ్ళలు కదలకుండా ఉన్నాయి. వాటిని నొక్కే పలక కూడా కదలడం లేదు. చప్పుడు మాత్రం ఆగడం లేదు. వింటూ ఉండగా... మెల్లగా... ఆ ఈడ్పు తగ్గింది. జర్ర్ పోయింది. టప్... టప్... టప్... సమానంగా. తర్వాత గబగబా. ఎవరో మెట్లెక్కుతున్నట్టు.

ఇంకేం ఆలోచించలేదు. సీసా మొత్తం వంపేశాను. గులాబీ రంగు తెల్లబడింది.

చప్పుడు ఆగిపోయింది.

పొద్దున యాదమ్మ వచ్చింది. గోడ పట్టుకుని నడుస్తోంది.

"రాత్రి ఏమైందో తెల్వదు సారూ. పండుకుందామని లేస్తే నొప్పి లేదు. ఒక్క రవ్వ గూడ లేదు! మా మనవరాలిని లేపి సూపెట్టిన, మిద్దె మీదికి మెట్లు ఉరుక్కుంట ఎక్కిన. గంతట్లనే మోకాల్ల నిప్పులు పోసినట్టు మంట. ఇగ గాడ్నే కూలవడ్డ."

ఆమె నన్ను దాటి పెట్టె వైపు చూసింది.

"నా మోకాలేది?"

"తీసేయమన్నారక్కా. రాత్రే పారేశాను."

పెట్టె మీది చీటీని వేలితో తడిమింది. తర్వాత అంది:

"నడుస్తుండంగనే పారేసిండ్రా సారూ?"

అలవాటుగా అందో, ఏమైనా తెలిసి అందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. యంత్రంలో బ్యాటరీ ఏమైనా ఉందా అని రిపేరు అతన్ని అడిగాను. అలాంటిదేం లేదన్నాడు. మరి నేను విన్నదేంటి? మీరే చెప్పండి.

ఆ మూల ఇప్పుడు స్క్రబ్బుల పెట్టెలు పేర్చారు. వాటి మీద దుమ్ము తుడిచేది యాదమ్మే. టప్... జర్ర్... అని వస్తుంది, తుడుస్తుంది, పోతుంది. నన్నిక ఏమీ అడగదు.