ముందే తీర్చిన మొక్కు

ఎనభైల్లో ఒకనాడు, నర్సంపేట నుంచి వరంగల్ వచ్చే బస్సులో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. ఒడిలో బియ్యం సంచి. వండిన ప్రతిపూటా పిడికెడు తీసిపెట్టిందట. కొడుకు వరంగల్ పెద్ద దవాఖానలో ఉన్నాడని, ఆ బియ్యం చర్చిలో కృతజ్ఞత కానుకగా ఇస్తానని చెప్పింది.

"నయమైందా అవ్వా?"

"ఇంక కండ్లే తెరువలే బిడ్డా."

"మరి ఇప్పుడే ఇస్తవా?"

"లేచినంక ఇస్తే దేవునికి కూలిచ్చినట్టైతది."

నా భార్య కూడా రెండు నెలలుగా అదే దవాఖానలో ఉంది. ఆమె లేచి ఇంటికొచ్చాక పాలకుర్తి గుడిలో తలనీలాలిస్తానని ఆమె ఎదుటే మొక్కుకున్నాను. దవాఖాన చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయి, ఈమధ్య దేవుణ్ణి అడగడం కూడా మానేశాను.

ఆ సోమవారమే పాలకుర్తి వెళ్లి, గుండుతో దవాఖానకు వచ్చాను. మంచం మీద పడుకున్న నా భార్య నా తలవైపు చూసింది.

"డాక్టర్లు నాకు జబ్బు తక్కువైందన్నరా?" అని అడిగింది.

"ఔ" అన్నాను.