పాడేటప్పటి చెవి

కరోనా మాస్కులు మూలపడ్డ ఏడాది, మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, నన్ను మా ఆసుపత్రి మేడ్చల్ శాఖకు బదిలీ చేశారు. హోదా సీనియర్ ఆడియాలజిస్టు. ఉద్యోగ విరమణ దగ్గరపడినవాళ్లను ఇంటికి దగ్గరగా వేయడం మా సంస్థలో ఆనవాయితీ. తెనాలి వదిలి వచ్చి గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకున్న మాకు అది కలిసొచ్చింది. ఆడియాలజిస్టు అంటే చెవి డాక్టరు కాదు. చెవికి జబ్బు చేస్తే చూసేది డాక్టరు. చెవి ఎంత వింటోందో కొలిచేది, తగ్గితే మిషను అమర్చేది మేము. ఈ తేడా సర్వీసంతా అందరికీ చెప్పి చెప్పి విసిగి, చివరికి ఎవరు డాక్టరమ్మా అని పిలిచినా పలకడం మొదలుపెట్టాను.

నా గది హైవే మీది బస్ డిపో దగ్గరి సందులో, ఒక మందుల దుకాణం పైన ఉండేది. వినికిడి కొలిచే గదికి హైవే పక్కన చోటు చూసిన పెద్దమనిషి ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. అయితే లోపల శబ్దం చొరబడని క్యాబిన్ మాత్రం బాగా కట్టారు. పేషెంటు అందులో కూర్చుంటాడు, నేను బయట మిషను ముందు కూర్చుంటాను, మధ్యలో అద్దం. హెడ్‌ఫోన్‌లో సన్నని కూతలు పంపుతాను. వినబడినప్పుడల్లా పేషెంటు చేతిలోని బటన్ నొక్కాలి. నొక్కితే నా ముందు చిన్న దీపం వెలుగుతుంది.

శ్రావణ ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో ఒక ఉదయం యాదగిరి, స్వరూప అనే దంపతులు వచ్చారు. శామీర్‌పేట వాళ్లు. యాదగిరి తండ్రి చెరువులో చేపలు పట్టే మనిషి. యాదగిరి మాత్రం సౌండ్ సర్వీసు పెట్టుకుని చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లకు మైకులు, బాక్సులు కట్టేవాడు. స్వరూప పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ప్రధాన గాయని. ఆమె ఎడమ చెవి నొప్పిగా ఉందని, చీము కారుతోందని చెప్పారు. దీపం పెట్టి చూస్తే చెవి దారి అంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది. చెవిలో ఏం పెట్టుకుంటున్నావని అడిగాను. యాదగిరి జేబులోంచి చిన్న డబ్బా తీసి, పెళ్లికూతురి నగ చూపించినట్టు మూత తెరిచాడు.

లోపల ఒక జత ఇన్-ఇయర్ మానిటర్లు ఉన్నాయి. స్టేజీ మీద పాడేవాళ్లకు తమ గొంతు తమకు వినబడాలి, లేకపోతే శ్రుతి నిలవదు. పూర్వం అందుకు కాళ్ల దగ్గర ఒక స్పీకరు పెట్టేవారు. ఇప్పుడు నడుముకు ఒక రిసీవరు తగిలించి, దాని నుంచి తీగ తెచ్చి చెవుల్లోనే బుల్లి స్పీకర్లు పెడుతున్నారు. చెవి ఆకారానికి అచ్చు పోసి చేసేవి ఖరీదు. యాదగిరి వాటిని ఇంట్లోనే చేశాడు.

వస్తువు మంచిదైతే మెచ్చుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. అవి చాలా బాగున్నాయి. గోధుమగింజంత స్పీకర్లు తెప్పించి, సన్నని గొట్టాలతో కలిపి, చెవి అచ్చులో రెసిన్ పోసి, బ్యూటీ పార్లర్లలో గోళ్ల రంగు ఆరబెట్టే దీపం కింద గట్టిపరిచాడు. పైన మెరుగు పూత. లోపల ఒక్క గాలి బుడగ లేదు. మా ల్యాబు నుంచి వచ్చే అచ్చులు చాలాసార్లు ఇంత శుభ్రంగా ఉండేవి కావు. అయినా చెవి మానేవరకు వీటిని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. మా శాఖలోని చెవి డాక్టరు గారికి చూపించి, ఆయన రాసిన చుక్కల మందు తెమ్మని యాదగిరిని కింది దుకాణానికి పంపాను.

అతను మెట్లు దిగిన చప్పుడు వినబడ్డాక స్వరూప నోరు విప్పింది.

"నొప్పి తక్కువనే మేడం. లోపల గుయ్యుమంటాంది. శాన దినాలసంది. ఆయనకు జెప్పకుండ్రి."

ఎందుకు చెప్పకూడదని అడిగాను. ఇన్-ఇయర్లు మొదటిరోజు నుంచీ సరిగ్గా లేవట. పెట్టుకున్నప్పుడు బాగానే ఉండేవి. పాట అందుకోగానే గొంతు పల్చబడి, పక్కనున్న డ్రమ్ముల మోత లోపలికి వచ్చేసేది. అందుకని వాల్యూమ్ పెంచుకునేది. ఇంటికి రాగానే భర్త "ఎట్లుంది?" అని అడిగేవాడు. "మస్తుగుంది" అనేది.

"ఎండకాలమంత కూసొని జేసిండు మేడం. అన్నం గూడ ఆ బల్ల కాడనే తినేటోడు. ఎట్లుంది అన్నప్పుడు గా మొఖం జూస్తే నోరు రాకపోయేది."

ఒకసారి మాత్రం కొంచెం వదులుగా ఉన్నట్టుందని అన్నదట. అంతే, అతను మర్నాడే ఎడమ ముక్కకు ఇంకో పూత వేసి బిగుతు చేశాడు. ఆ బిగువుకే చెవి ఒరుసుకుపోయింది. పాడేటప్పుడు మాత్రం పాత కథే. ఆమె రెండోసారి ఏమీ అనలేదు.

పేషెంటు చెప్పింది బయటికి చెప్పకపోవడం మా వృత్తి నియమం. నేను యాదగిరికి ఏమీ చెప్పలేదు. చీము ఉన్న చెవికి వినికిడి పరీక్ష చేయం, అచ్చు అసలే తీయం. చెవి మానాక, చప్పుళ్లకు కొన్నాళ్లు దూరంగా ఉండి రమ్మన్నాను. మోతలో మునిగిన చెవి తాత్కాలికంగా మొద్దుబారుతుంది. అది పోతేగాని అసలు నష్టం ఎంతో తేలదు. స్వరూప నా ముఖంలోకి చూసి ఒక్కటే అడిగింది.

"పాట బంద్ జేయాల్నా మేడం?"

పరీక్ష కాకుండా మాట ఇవ్వలేనన్నాను. ఆ మాట అనడం నాకు ఇష్టంగా లేదు. ముహూర్తాల్లో మూలన కూర్చున్న గాయని స్థానం ఇంకొకరికి పోతుందని నాకూ తెలుసు.

వాళ్లు మళ్లీ వచ్చేసరికి వినాయక చవితి పందిళ్లు వేస్తున్నారు. చెవి శుభ్రంగా మానింది. స్వరూపను క్యాబిన్‌లో కూర్చోబెట్టాను. తోడు వచ్చినవాళ్ల కుర్చీ నా వెనకే ఉంటుంది. సౌండ్ పని చేసే మనిషి కదా, యాదగిరి దాన్ని ముందుకు లాక్కుని మిషను మీది అంకెలు ఆసక్తిగా చూస్తూ కూర్చున్నాడు. నేను వారించలేదు.

మంద్రంగా ఉండే లావు స్వరాలకు దీపం టక్కున వెలుగుతోంది. పాడే మనిషి చెవి అది, ఊపిరంత శబ్దాన్ని కూడా పట్టుకుంటోంది. స్వరం సన్నబరుస్తూ పైకి వెళ్లాను. ఎడమ చెవికి నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర దీపం వెలగలేదు. శబ్దం ఒక మెట్టు పెంచాను. వెలగలేదు. ఇంకో మెట్టు పెంచాను. స్వరూప అద్దం వెనక బుద్ధిగా, బటన్ మీద వేలు పెట్టుకుని, నేను ఏదో పంపుతానని ఎదురుచూస్తోంది.

"పంపుతున్నరా మేడం?" అన్నాడు యాదగిరి.

పంపుతున్నానన్నాను.

నాలుగు వేలంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కరలేదు, రోజూ సౌండ్ మిక్సర్ మీద వేళ్లతో తిప్పి సరిచేసే స్థాయే. మాటల్లో స, ష వంటి అక్షరాలకు పదును వచ్చేది ఆ చుట్టుపక్కలే. పెద్ద మోతకు మొదట దెబ్బ తినేదీ అక్కడే. ఇంకా పెంచాక దీపం వెలిగింది. యాదగిరి రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. నా సర్వీసులో ఎంతోమందికి ఎన్నో చెడు ఫలితాలు చెప్పాను. చెప్పకుండానే ఒక మనిషికి తెలిసిపోవడం చూసింది మాత్రం ఆ రోజే. నాకు చాలా బాధ కలిగింది.

కుడి చెవిలో నష్టం కొద్దిగానే ఉంది. ఎడమది తిరిగి రాదు. ఈ రెండూ ఇద్దరికీ చెప్పాను. తర్వాత ఆ ఇన్-ఇయర్లను స్పిరిటుతో తుడిచి, స్వరూపను పెట్టుకుని పాడమన్నాను. ఆమె మొదట సిగ్గుపడింది, ఆ తర్వాత గొంతెత్తింది. యాదగిరిని ఎడమ పక్కన నిలబెట్టి చెవిని చూడమన్నాను. ఆమె నోరు పెద్దగా తెరిచినప్పుడల్లా ముక్క వెనక అంచు చెవి నుంచి లేచి, మూసినప్పుడు మళ్లీ కూర్చుంటోంది.

ఎవరైనా సరే చిటికెన వేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి చూడవచ్చు. దవడ కీలు చెవి దారికి సరిగ్గా ముందు ఉంటుంది. నోరు తెరిస్తే కీలు ముందుకు జరుగుతుంది, దానితోపాటు చెవి దారి వెడల్పవుతుంది. నోరు మూసి తీసిన అచ్చు నోరు మూసుకున్న చెవికే సరిపోతుంది. పాడే చెవి వేరు. ఆ సందులోంచి లావు స్వరాలు బయటికి పోతాయి, స్టేజీ మోత లోపలికి వస్తుంది. పాడే మనిషి చేయగలిగింది వాల్యూమ్ పెంచడం ఒక్కటే.

అచ్చు తీసేటప్పుడు ఏం చేశావని అడిగాను.

"కదలకు, నోరు మూసుకొని కూసో అన్న," అన్నాడు యాదగిరి. భార్యవైపు తిరిగాడు. "నాకెందుకు జెప్పలే? పూత మీద పూత ఏస్కుంట పోయిన గదా!"



"నా చేతులతోటే జేసిన మేడం," అన్నాడు నాతో.

దీనికి ఓదార్పు మాట చెప్పడం తేలిక. నేను ఉన్నది చెప్పాను. చెవిని దెబ్బతీసింది వాల్యూమ్. వాల్యూమ్ పెంచాల్సి వచ్చింది సందు వల్ల. సందు ఉందని తెలిస్తే నీ అంత పనిమంతుడు దాన్ని పూడ్చగలిగేవాడే. ఇకమీదట పాడవచ్చు, కానీ ఈ ముక్కలతో కాదు, ఇంత వాల్యూమ్‌తో కాదు అన్నాను. పాట మానక్కరలేదన్న ఒక్క మాటకే స్వరూప కళ్లు తుడుచుకుంది.

ఆ రోజే కొత్త అచ్చులు తీశాను. దారం కట్టిన స్పాంజి ముక్కను చెవి దారి రెండో మలుపు దాటించాలి, అది కర్ణభేరికి కాపలా. ఆపైన రెండు సిలికాన్ ముద్దలు కలిపి, గట్టిపడేలోపు సిరంజితో నింపాలి. ఇదంతా ఎవరికైనా ఒకటే. స్వరూపకు మాత్రం, పైస్థాయి అందుకునేటప్పుడు నోరు ఎంత తెరుస్తుందో చూసి, అంత మందాన గొంతు పరీక్షకు వాడే చెక్క పుల్లలు కట్టగట్టి పళ్ల మధ్య పెట్టాను. సిలికాన్ గట్టిపడేవరకు అలాగే కూర్చుంది. బయటికి తీశాక పాత అచ్చు పక్కన పెట్టి చూపించాను. యాదగిరి రెంటినీ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తేడా గోటి అంచు అంతే.

పేషెంటు ఇంటికి వెళ్లడం మా పనిలో భాగం కాదు. అయినా అచ్చును ఎక్కడ చెక్కకూడదో దగ్గరుండి చూపించాలని, ఒక ఆదివారం శామీర్‌పేట వెళ్లాను. ముందు గదిలో తండ్రి వలలు వేలాడుతున్నాయి, వెనక గదిలో యాదగిరి బల్ల. చెవి లోపలికి పోయే కొస పొట్టిగా కోయవద్దని, వాల్యూమ్ ఒక గుర్తు దాటకుండా రిసీవర్లో కట్టడి చేయమని చెప్పాను. శబ్దం కొలిచే మీటరు లెక్కలు అతనికి నాకంటే అలవాటే కనుక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

కొత్త జత తయారయ్యాక సరిచూడటానికి ఇంకోసారి వెళ్లాను. యాదగిరి తన చేతులతోనే వాటిని స్వరూప చెవుల్లో పెట్టాడు. ఆమె ఒక చరణం పూర్తిగా, నోరారా పాడింది. నేను చెవులనే చూస్తున్నాను. ముక్కలు కదల్లేదు. పాట ఆగింది. యాదగిరి లేచి గుమ్మం వైపు నడిచాడు.

"నేను బయటుంట మేడం. ఎట్లుందో మీరే అడుగుండ్రి."

"కూసో," అంది స్వరూప. "ఎడమ దిక్కు మంచిగుంది. కుడి దిక్కు కింద గుచ్చుతాంది. మంచిగ లేదు."

యాదగిరి వచ్చి కూర్చున్నాడు. కుడి ముక్క తీసి, ఎక్కడ గుచ్చుతోందో వేలితో చూపించమన్నాడు, సన్న ఆకురాయి అందుకున్నాడు. అతని ముఖంలో నొచ్చుకున్న జాడ లేదు. అరిగించాడు, పెట్టాడు, మళ్లీ పాడించాడు. ఇంకా ఉందంది. మళ్లీ అరిగించాడు.

నా రిటైర్మెంటు వరకు ఏటా ఆమెకు పరీక్ష చేశాను. ఎడమ చెవిలో పోయింది పోయినట్టే ఉంది, ఆపైన ఇంకేమీ పోలేదు. స్వరూప పాడుతూనే ఉంది.

ఆ తర్వాత నేను పనిచేసే పద్ధతి ఒకటి మార్చుకున్నాను. తల్లికి కొడుకు కొనిపెట్టిన మిషనైనా, భార్యకు భర్త చేసి ఇచ్చిందైనా, అమర్చడం అయ్యాక తెచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనేదాన్ని. తలుపు వేశాకే పేషెంటును అడిగేదాన్ని. బాగుందంటూ ఇంటికెళ్లి బీరువాలో దాచిన మిషన్ల సంగతి నాకు అలా తెలిసినంతగా ఇంకే విధంగానూ తెలియలేదు. కొందరు నొచ్చుకున్నారు, ఒకరిద్దరు పైవాళ్లకు ఫిర్యాదు కూడా చేశారు. నేను మానలేదు. తెచ్చినవాళ్ల ముఖం ఎదురుగా ఉండగా "ఎలా ఉంది?" అని అడిగితే అది పరీక్ష కాదు, పలకరింపు.