పేరడగమన్న ఖాజా సార్

పోయిన వారం కడప నుంచి కర్నూలుకు బస్సులో వస్తున్నాను. కిటికీలోంచి వడగాలి మొహాన కొడుతోంది. డ్రైవరు వెనకాల టీవీలో ఏదో సూపర్‌హీరో సినిమా, తెలుగు మాటలతో, చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. లోకాన్ని కాపాడే వీరుడికి కొండలో ఓ రహస్య కోట. ఫిరంగులు కూడా దాని గోడను పగలగొట్టలేవు. అయితే విలన్ గోడ జోలికే పోడు. పెద్ద అధికారి వేషం వేసుకొని గేటు దగ్గరికొచ్చి, "నన్నే ఆపుతావా? రేపటి నుంచి నీకు ఉద్యోగం ఉండదు" అని వాచ్‌మన్‌ను కసురుతాడు. వాడు వణుకుతూ గేటు తీస్తాడు. బస్సంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఒకప్పుడు ఇదే సీనుకు ఇలాగే నవ్వి ఖాజా సార్ చేత చీవాట్లు తిన్నవాణ్ణి నేను.

ఖాజా సార్ కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి కంప్యూటర్ విభాగానికి పెద్ద. నా మొదటి ఉద్యోగం ఆయన కిందే. ఒక ఆదివారం మా అందరినీ ఆ సినిమాకు ఆయనే తీసుకెళ్లారు. బయటికొచ్చి టీ తాగుతుంటే నన్ను పక్కకు పిలిచారు.

"ఆ వాచ్‌మన్‌ను చూసి ఎందుకు నవ్వినావప్పా ఓబులేసూ?"

"అంత మొద్దు యాడన్నా ఉంటాడా సార్? కార్డు చూపించమంటే సరిపోయేది గదా."

"మొన్న ఛైర్మన్ బావమరిదినని చెప్పుకొని ఒకాయన మన సర్వర్ గదిలోకి వచ్చినాడు. నువ్వు కార్డు అడిగినావా?"

అడగలేదు. అడగకపోగా లేచి నిలబడి, నా కుర్చీ తుడిచి వేశాను.

"దొర మాదిరి మాట్లాడేవాణ్ణి పేరు అడిగేది మనకెవురూ నేర్పలేదు. ఈడ నవ్వేదానికేముండాదప్పా?" అన్నారు.

కంప్యూటర్‌ను వదిలేసి మనిషిని లొంగదీసే ఈ మోసానికి మా రంగంలో సోషల్ ఇంజినీరింగ్ అని గంభీరమైన పేరు. దాని మీద లావుపాటి పుస్తకాలున్నాయి. ఆ పుస్తకాలన్నీ మోసపోయినవాళ్లకు జాగ్రత్తలు చెబుతాయి. వాళ్లను అంతగా భయపెట్టి ఉంచిందెవరని ఏ పుస్తకమూ అడగలేదు. ఖాజా సార్ అడిగారు, ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఆ సినిమా చూసిన కొన్ని నెలలకు మా రికార్డుల గదికి ఒక ఫోన్ వచ్చింది. ఎత్తింది సువార్తమ్మ. కోడుమూరు దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఆపరేటర్. భర్తకు నడుము పడిపోయాక ఆ ఇంటికి ఆమె ఉద్యోగమే ఆధారం. ఫోన్ చేసినవాడు హైదరాబాదు ఆఫీసు నుంచి అన్నాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు, రోగుల రికార్డుల పాస్‌వర్డ్ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. రెండు రోజులు తిరగకుండానే మా రోగులకు ముక్కూమొహం తెలియని వాళ్లు ఫోన్ చేసి, వాళ్ల జబ్బులు వాళ్లకే చదివి వినిపించి బెదిరించడం మొదలుపెట్టారు.

"పేరెందుకు అడగలేదమ్మా?" అని అందరి ముందూ ఆమెను గద్దించాను.

"శానా తిట్నాడు సార్. తిట్నాడు గాబట్టే మన పెద్దసారనుకుంటి. బయటోడైతే మర్యాదగా మాట్లాడుతాడు గదా," అంది తలొంచుకొని.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మా పెద్దలు మాట్లాడే తీరే అది. అంతకు ముందు ఏడాది ఫోన్‌లో డైరెక్టరును "మీరెవరండీ?" అని అడిగిన పాపానికి రిసెప్షన్ అమ్మాయికి మెమో ఇచ్చారు. ఆ మెమో కాగితాన్ని అందరికీ తెలియాలని నోటీసు బోర్డుకు అంటించిన మహానుభావుణ్ణి నేనే.

జరిగినదాని మీద నివేదిక కూడా నన్నే రాయమన్నారు. 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసి తీసుకెళ్లాను. ఖాజా సార్ చదివి, చించి, చెత్తబుట్టలో వేశారు. పేరడిగినవాళ్లకు శిక్ష వేసే ఆఫీసులో పేరడగలేదని ఇంకొకరిని శిక్షించడం అన్యాయమని తన చేత్తో రాసి, సంతకం పెట్టి, నన్ను వెంటబెట్టుకొని డైరెక్టరు గదికి వెళ్లారు.

"ఆమెను పంపిస్తే ఈ గొడవ ముగిసిపోతుంది. మీరెందుకు మధ్యలో?" అన్నాడాయన.

"భయపెట్టింది మనము సార్. భయపడిందని ఆయమ్మను ఎట్లా పంపిస్తారు? పంపేటట్లయితే నన్నూ పంపండి."

ఇద్దరినీ పంపించారు. సార్ కమలాపురం వెళ్లిపోయి, బతికినన్నాళ్లూ పిల్లలకు కంప్యూటర్ నేర్పుతూ గడిపారు. సువార్తమ్మ ఊళ్లో పత్తి ఏరే పనికి పోయిందని విన్నాను. ఆ గదిలో నేనూ ఉన్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. పై నెల నుంచి సార్ కుర్చీలో కూర్చున్నాను. సిగ్గు లేకుండా కూర్చున్నాను.

ఇప్పుడు నేను నాలుగైదు ఆసుపత్రుల కంప్యూటర్ల భద్రత చూస్తాను. ఎంతటివాడు ఫోన్ చేసినా పేరడిగి, ఫోన్ పెట్టేసి, ఆ పేరు మీద మన దగ్గరున్న నంబరుకు తిరిగి చేయాలన్నది నేను పెట్టిన నియమమే. పోయిన నెల తొందర పని మీద ఒక ఆసుపత్రికి ఫోన్ చేశాను. కొత్తగా చేరిన అమ్మాయి ఎత్తింది.

"పేరు చెప్పండి సార్."

చెప్పాను.

"సరే సార్, పెట్టేయండి. నేనే చేస్తా."

ఆ క్షణం నాకు చర్రున కోపం వచ్చింది. నన్నే అడుగుతుందా అనిపించింది. ఒక తిట్టు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. సువార్తమ్మను ఇంటికి పంపింది ఆ కోపమే. ఇన్నేళ్లయినా అది నాలోంచి పోలేదు.