అత్త ఫోటో పెద్దది చేయించినప్పుడు
దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, మా అత్త ఫోటో సంగతి చెప్తా.

అత్త పోయి ఏడాది కావస్తాంది. సంవత్సరీకానికి గోడకు పెడదామంటే ఆమె ఒక్కతే దిగిన ఫోటో లేదు. ఆళ్లగడ్డలో ఉండే మా ఆడబిడ్డ ఫోన్లో, ఒక పెండ్లిలో అందరూ కలిసి దిగిన ఫోటోలో అత్త ఉండాది. బతికుండేవాళ్లకు పూలదండ ఏయకూడదు కదా, అందుకని అత్త ముఖం వరకే కత్తిరించి నాకు వాట్సాప్‌లో పంపింది.

నంద్యాల స్టూడియో అన్న దాన్ని పెద్దది చేస్తే ముఖమంతా గళ్లు గళ్లు.

"ఏందన్నా, ఫోన్లో బాగనే ఉండాది కదా?" అన్నా.

"ఫోటో అంటే చుక్కలే కదమ్మా. కత్తిరిస్తే కొన్ని పోయినాయి. వాట్సాప్‌లో పంపితే బరువు తగ్గించేకి ఇంకొన్ని పోయినాయి. మిగిలినవాటిని సాగదీస్తే ఇట్లే."

గరిటెడు పిండిని పెనమంతా రుద్దితే దోసె తూట్లు పడదా? అట్ల అర్థమైంది నాకు.

మరుసటి దినమే ఆళ్లగడ్డ బస్సెక్కినా.

"మళ్లీ పంపుతాలే వదినా" అనింది ఆడబిడ్డ.

"పంపొద్దు తల్లీ, ఫోన్ తీసుకొని నువ్వే రా" అని ఎంటబెట్టుకొచ్చినా.

స్టూడియో అన్న ఫోన్‌కు వైరు పెట్టి, కత్తిరించని అసలు ఫోటోనే తన కంప్యూటర్లోకి తీసుకున్నాడు. నాకొచ్చినదానికంటే అది శానా బరువంట. ఈసారి అత్త ముక్కుపుడక రాయి కూడా కనబడింది.

గోడకు పెడితే మా ఇంటాయన, "మాయమ్మ నన్ను తిట్టేకే నోరు తెరుస్తాంది" అని నవ్వుతా కండ్లు తుడుచుకున్నాడు.

మీ ఇండ్లల్లో పెద్దోళ్ల ముఖాలు మీ కండ్ల ముందర చెదరకుండా ఉండాల, పిల్లాపాపలతో మీరు సల్లగుండాల.