లోపల ఎవరైనా ఉన్నారా?

మా మావయ్యకు ఒక్కటే పిచ్చి. గొట్టం ఆకారంలో ఉన్న ప్రతి వస్తువులోనూ గుండు ఉందని నమ్ముతాడు. ఆయన వృత్తి ఎయిర్ రైఫిళ్ళ మరమ్మతు కాబట్టి తుపాకీల విషయంలో ఆ నమ్మకాన్ని ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆయన లెక్కలో మడిచిన గొడుగూ తుపాకీయే, చీపురు కర్రా తుపాకీయే, చుట్టిన చాపా తుపాకీయే. ఒకసారి జ్వరం వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళితే, "దాని మూతి కాస్త గోడ వైపు తిప్పండి డాక్టరుగారూ" అన్నాడు. డాక్టరు చేతిలో ఉన్నది థర్మామీటరు.

మరోసారి పాటకచేరీకి వెళ్ళాం. వేణువు వాయించే ఆయన తన్మయత్వంలో కళ్ళు మూసుకుని ఊగుతున్నాడు. వేణువు కొస వయొలిన్ ఆవిడ వైపు తిరిగినప్పుడల్లా మావయ్య కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కదిలాడు. చివరికి ఉండబట్టలేక వేదిక ఎక్కి, ఆవిడ చెవిలో "రెండడుగులు వెనక్కి జరగండమ్మా" అన్నాడు. ఆవిడ హడలిపోయి జరిగింది. నేను తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

నా డిగ్రీ అయిపోయాక, "ఇంట్లో ఖాళీగా ఉంటోంది, నీ దుకాణంలో పెట్టుకోరా" అని మా అమ్మ నన్ను తమ్ముడికి అప్పగించింది. మావయ్య నన్ను ఎగాదిగా చూసి, "ఖాళీగా ఎవరూ ఉండరక్కా, ఉన్నామనుకుంటారు" అన్నాడు. అదే నాకు ఉద్యోగం ఇచ్చినట్టు.

ఆ దుకాణంలో మొదటి రోజు నాకు వెన్నులో చలి పుట్టింది. పొడుగాటి గది, ఒకే ఒక కిటికీ. గోడ పొడుగునా రైఫిళ్ళు, అన్నీ ఒకే దిక్కుకు, మూలనున్న ఇసుక పెట్టె వైపుకు చూస్తున్నాయి. ప్రతి బారెల్ లోంచీ ఒక ఎర్రని ఊలుదారం సన్నగా వేలాడుతోంది. కిటికీ మూసే ఉంది, గాలి లేదు. అయినా ఆ దారాలు ఉండుండి కదిలేవి.

"ఏమిటి మావయ్యా ఇవి?"

"దారం ఇటు నుంచి అటు దూరిందంటే మధ్యలో గుండు లేదని గుర్తు."

"అంటే ఇవన్నీ ఖాళీయేగా?"

"ఎవరన్నారు?"

"నువ్వే కదా ఇప్పుడు..."

"దారం తన సంగతి తను చెప్పింది. మనం మాత్రం ఉన్నట్టే మసలుకోవాలి. మూతి మనిషి వైపు తిప్పకూడదు, వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. సేఫ్టీ ఉందిగా అని ధీమా పడకూడదు. సేఫ్టీ అంటే ఏమిటి? గోరంత ఇనుప ముక్క. దాని బుద్ధి ఎప్పుడు మారుతుందో దానికే తెలియదు."

ఇంతవరకూ బాగానే ఉంది. ఎవరైనా రైఫిల్ తెస్తే మావయ్య దాన్ని ఇసుక పెట్టె వైపు తిప్పించి, బారెల్‌ను కీలు దగ్గర వంచి చూసి, ఊచ దూర్చి, దారం వేసేవాడు. ఆ తర్వాత చేసే పనే నాకు మింగుడు పడేది కాదు. తుపాకీ కర్ర మీద వేలితో రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టి, గొంతు తగ్గించి అడిగేవాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

అడిగి ఊరుకుంటే అదొక తీరు. జవాబు కోసం ఆగేవాడు. తుపాకీ తెచ్చిన మనిషి కూడా ఊపిరి బిగపట్టి ఆగేవాడు. ఎంతటి మొనగాడైనా ఆ నిశ్శబ్దంలో నీరుగారిపోయేవాడు. ఒక కాంట్రాక్టరుగారు బింకంగా నవ్వుతూ, "ఏమంటోందండీ?" అని అడిగాడు. "మీరు ఎవరి వైపూ గురి పెట్టనని మాటిస్తేనే మాట్లాడుతుందట" అన్నాడు మావయ్య. కాంట్రాక్టరుగారు మాటిచ్చేశాడు, తుపాకీకి.

ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి మావయ్య దుకాణం మూసి తన స్నేహితుడు సైన్సు మాస్టారి ఇంటికి వెళ్ళేవాడు. మాస్టారు పోయి పదకొండేళ్ళయింది. ఇంట్లో ఆయన భార్య ఒక్కరే ఉంటారు. మావయ్యకు ఆవిడ అక్కయ్యగారు, నాకు పెద్దమ్మగారు. ఒక వారం నన్నూ వెంట తీసుకెళ్ళాడు.

వాళ్ళ ముందుగదిలో కాలు పెట్టగానే నా గుండె గుభేలుమంది. పరదాలన్నీ వేసి ఉన్నాయి. ఒక గోడ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన చెక్కదన్ను మీద, మూతి గదిలోకి ఉండేలా, మాస్టారి రైఫిల్. దాని మూతికి ఎదురుగా అవతలి గోడకు ఒక మందపాటి చెక్క పలక. ఈ గోడ నుంచి ఆ గోడకు నేల మీద ఎర్ర రంగు గీత. కుర్చీలు, బల్ల, దీపం అన్నీ గీతకు ఒక పక్కన ఇరుక్కుని ఉన్నాయి. రెండో పక్క పూర్తిగా బోసిగా ఉంది, ఒక్క మాస్టారి పడక్కుర్చీ తప్ప. పెద్దమ్మగారు వంటింట్లోంచి టీ తెస్తూ గీత దాకా వచ్చి, వసారాలోంచి గది చుట్టూ తిరిగి, తుపాకీ వెనక వైపు తలుపు లోంచి మా దగ్గరికి వచ్చారు. నాలుగడుగుల దూరానికి ఇరవై అడుగులు.

"అందులో గుండు ఉందమ్మా" అన్నారావిడ నాతో, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. "ఆ రోజు డాబా మీద సీసా మూతల్ని కొడదామని బారెల్ వంచి, గుండు పెట్టి, సేఫ్టీ వేశారు. టీ తాగి వెళతానని మళ్ళీ గోడకు తగిలించి, ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతే. ఇక లేవలేదు."

నేను కప్పు బల్ల మీద పెట్టేశాను.

"స్ప్రింగు బిగించింది ఆయన చెయ్యి. ఆ బిగువు ఇంకా అందులోనే ఉంది. సాయంత్రాలు ఒక్కోసారి మూలుగుతుంది కూడా. అది వదిలేసిన రోజున ఆయన నిజంగా పోయినట్టు నాకు. అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వను, మీ మావయ్యను తప్ప."

మావయ్య లేచి, నూనెగుడ్డతో తుపాకీని పైపైన తుడిచాడు. రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?"

గదిలో టిక్కుమనడానికి గడియారం కూడా లేదు. పెద్దమ్మగారు పమిట కొస వేలికి చుట్టుకుంటూ, "ఉన్నారా?" అన్నారు.

"ఉన్నట్టేనక్కయ్యగారూ" అన్నాడు మావయ్య.

ఆవిడ ముఖం తేలికపడింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. దారిలో నిలదీశాను. "గొడుక్కి భయపడే మనిషివి! నిండిన తుపాకీని పదకొండేళ్ళుగా ఒక ఇంటి గోడ మీద ఎలా వదిలేశావు? గుండు తీసెయ్యకుండా గీతలు గీసుకుంటూ కూర్చున్నావా?"

"అది కదిపే తుపాకీ కాదు" అన్నాడు.

రెండు నెలలకు మావయ్య కాలు విరిగింది. అటక మీది డబ్బా దించుతూ, గోడకు ఆనించిన చీపురు తన వైపే చూస్తోందని స్టూలు మీద పక్కకు తప్పుకున్నాడట. అక్కడ స్టూలు లేదు. గురువారం వచ్చేసరికి పిండికట్టుతో మంచం మీద గింజుకుంటున్నాడు.

"రిక్షా పిలువు, నేను వెళ్ళాలి."

"నేను వెళ్ళొస్తాలే మావయ్యా."

"వద్దు. పోనీ... వెళ్ళు. పైన తుడువు, తట్టు, అడుగు, వచ్చేయ్. సేఫ్టీ గుండీ వంక చూడకు."

చూడొద్దని చెప్పాక చూడని వాళ్ళు మా వంశంలో లేరు.

ఆ వేళ ముసురు పట్టి గది మరీ చీకటిగా ఉంది. పెద్దమ్మగారు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. నేను గోడ వెంబడి తుపాకీ దగ్గరికి చేరి గుడ్డతో తుడుస్తూ గుండీ చూశాను. నా చెయ్యి ఆగిపోయింది. ఈ రకం రైఫిల్లో బారెల్ వంచి స్ప్రింగు బిగిస్తే సేఫ్టీ గుండీ దానంతటదే బయటికి పొడుచుకు వస్తుంది. అలాంటివి దుకాణంలో నా చేతుల్తో పాతిక బాగుచేశాను. ఈ గుండీ మాత్రం లోపలికి అణిగి ఉంది, అంటే స్ప్రింగు బిగించి లేదు.

ఇక నా ప్రమేయం లేకుండానే మావయ్య నేర్పిన చేతి అలవాటు పని చేసింది. మూతి పలక వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, బారెల్‌ను రెండు వేళ్ళ మందం వంచాను. లోపల గుండు లేదు. రంగు వెలిసిన ఎర్ర ఊలుదారం ముక్క ఒకటి చుట్టుకుని పడుకుని ఉంది.

ఎవరు పెట్టారని అడగక్కర్లేదు. లోకాన్నంతా మోసం చేసినా ఆ మనిషి దారం వెయ్యకుండా మాత్రం ఉండలేడు.

వెనక కప్పుల చప్పుడైంది. బారెల్ మూశాను. పెద్దమ్మగారు గీత అవతల నిలబడి ఉన్నారు, పమిట కొస వేలికి చుట్టుకుంటూ. నేను తుపాకీ కర్ర మీద తట్టి, చెవి ఆనించి, సిగ్గు విడిచి అడిగాను. "లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారా అమ్మా?" అన్నారావిడ.

"ఉన్నట్టేనండి పెద్దమ్మగారూ."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, గది చుట్టూ తిరిగి నాకు టీ తెచ్చి ఇచ్చారు. వెళ్ళేటప్పుడు నేనూ ఆ గీత దాటలేదు, చుట్టే తిరిగాను.

మావయ్య గుమ్మం వైపే చూస్తూ పడుకున్నాడు. నా ముఖం చూడగానే ఆయనకు సంగతి తెలిసిపోయింది.

"గుండీ చూశావు."

"చూశాను."

"మాస్టారు పోయిన రోజు పలకరించడానికి వెళ్ళాను. ఇంటి నిండా జనం, అందరూ ఆ మూతి ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతున్నారు. నా ప్రాణం ఊరుకుంటుందా? అందర్నీ బయటికి పంపి, బారెల్ పట్టుకుని, గుండు తీసేసి, స్ప్రింగు చప్పుడు కాకుండా వదిలేశాను. మంచి పని చేశాననుకుని తలెత్తేసరికి ఆవిడ వచ్చి, 'దాన్ని ముట్టుకోకండి, బిగించింది ఆయన చెయ్యి' అన్నారు." మావయ్య దుప్పటి అంచు నలిపాడు. "అప్పుడేం చెప్పను? ఆ మధ్యాహ్నమే వెళ్ళి ఆ గీతకు రంగు కొన్నాను."

నాకు నవ్వూ వచ్చింది, ఆయన్ని కౌగలించుకోవాలనీ అనిపించింది. కానీ మా ఇంట్లో అలాంటి అలవాట్లు లేవు.

"పదకొండేళ్ళు అబద్ధమాడావన్నమాట."

"నేనా? ఏ తుపాకీ గురించి అడిగినా నేను చెప్పేది అదేగా. ఉన్నట్టే అంటాను. ఒక్కసారైనా ఉందన్నానా?"

నిజమే, అనలేదు. నేను ఆయన పక్కన కూర్చుని, పెద్దమ్మగారింట్లోంచి రావడానికి ముందు జరిగింది ఎలా చెప్పాలా అని ఆలోచించాను.

"మావయ్యా, టీ తాగుతుంటే అది మూలిగింది."

"ఏది?"

"స్ప్రింగు. ఇద్దరం విన్నాం. పెద్దమ్మగారు నవ్వారు కూడా."

"వదిలేసిన స్ప్రింగు ఎలా మూలుగుతుందే?"

"అదే నేను నిన్ను అడుగుతున్నాను."

మావయ్య గొంతు తగ్గించి, "గీత దాటలేదుగా?" అన్నాడు.

"లేదు."

"మంచి పని చేశావు. పై వారం కూడా నువ్వే వెళ్ళు."

లేచి వెళ్ళబోతూ మంచం పక్కనున్న ఆయన చేతికర్ర చూశాను. దాని కొస నా వైపే ఉంది. నేనేమీ అనకుండా దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను.